ఇంగ్లిష్ టీచర్లను ఇంగ్లిష్‌లోనే పరీక్షించండి: తెలంగాణ విద్యాశాఖకు, ఉన్నత విద్యామండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, ఉన్నత విద్యామండలి పెద్దలకు, దోస్త్ (డిగ్రీ ప్రవేశాలు), ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష), టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (టీచర్ నియామక పరీక్ష) బాధ్యతలు చూస్తున్న అధికారులందరికీ,

నమస్కారం.

2022–23 విద్యా సంవత్సరం నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఎవరూ లేని పిల్లలు ఇప్పుడు సైన్సు, లెక్కలు, సోషల్ అన్నీ ఆ భాషలోనే చదవాలి. వాళ్లకు ఆ భాష నేర్పే బాధ్యత ముందుగా ఇంగ్లిష్ టీచర్‌దే. ఆ టీచర్ ఎలా తయారవుతున్నారు, ఏ పరీక్షలు దాటి బడికి వస్తున్నారు అన్నది చూస్తే మాకు ఆందోళన కలుగుతోంది.

మేం డిగ్రీ, బీఈడీ కాలేజీల్లో ఇంగ్లిష్ బోధించేవాళ్లం, ఇంగ్లిష్ మెథడాలజీతో, అంటే ఇంగ్లిష్ బోధనా పద్ధతులు ఎంచుకుని బీఈడీ చదివి డీఎస్సీకి సిద్ధమవుతున్నవాళ్లం. టెట్‌లో భాషా ఉపాధ్యాయులకు వేరే పేపర్ ఇవ్వాలన్న మాట అభ్యర్థుల నుంచి ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. పరీక్షలు జరుగుతున్నాయి, ఫలితాలు వస్తున్నాయి, విధానం మాత్రం మారలేదు. అందుకే అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాం. ముందు వాస్తవాలు, తర్వాత మా డిమాండ్లు.

1. దారి తప్పేది డిగ్రీలో చేరిన రోజే.

బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ సీటు కావాలంటే బీఏలో ఇంగ్లిష్ లిటరేచర్ లేదా స్పెషల్ ఇంగ్లిష్ ఆప్షనల్‌గా, అంటే ప్రత్యేకంగా ఎంచుకున్న సబ్జెక్టుగా చదివి ఉండాలి. లేకపోతే ఎంఏ ఇంగ్లిష్ ఉండాలి. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ (హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్) పోస్టుకూ ఇదే లెక్క: డిగ్రీలో ఇంగ్లిష్ మెయిన్ లేదా ఆప్షనల్, లేదంటే పీజీలో ఇంగ్లిష్, దానికి తోడు ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ. ఈ నిబంధనలో తప్పేమీ లేదు. సబ్జెక్టు చదివినవాళ్లే సబ్జెక్టు చెప్పాలి.

ఈ సంగతి విద్యార్థికి తెలిసే సమయమే తప్పు. బీఏ, బీకాం, బీఎస్సీ ఏది చదివినా జనరల్ ఇంగ్లిష్ అందరికీ ఉంటుంది. మెమోలో సెమిస్టర్ల వారీగా ఇంగ్లిష్ అని కనిపిస్తుంది, మార్కులు కూడా బాగుంటాయి. ఆ మెమో చూసుకుని ఇంగ్లిష్ మెథడాలజీకి అర్హత ఉందనుకునే విద్యార్థులు ప్రతి కౌన్సెలింగ్‌లోనూ కనిపిస్తారు. ఆ జనరల్ ఇంగ్లిష్ ఆప్షనల్ కిందికి రాదని సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర చెబుతారు. డిగ్రీ అప్పటికే ముగిసి ఉంటుంది.

ఇంటర్ పాసైన పదిహేడేళ్ల పిల్ల దోస్త్ వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్నప్పుడు ఈ సబ్జెక్టుల కాంబినేషన్‌తో ఏ మెథడాలజీకి అర్హత వస్తుంది, దేనికి రాదు అని చెప్పే వరుస ఒక్కటీ ఆమె ముందుండదు. పైగా జిల్లాల్లోని చాలా కాలేజీల్లో బీఏ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చుట్టూ తిరిగే కాంబినేషన్లే. ఇంగ్లిష్ లిటరేచర్ కోసం ఊరు విడిచి హాస్టల్లో ఉండి చదవాలి. ఆడపిల్లను అంత దూరం పంపడానికి ఇష్టపడని ఇళ్లలో ఆ కల అక్కడితో ముగిసిపోతుంది.

తర్వాత దిద్దుకోవాలంటే ఎంఏ ఇంగ్లిష్ ఒక్కటే మార్గం. సరైన ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు కలిపి అయిదేళ్లు. తీసుకోనివాళ్లకు మధ్యలో ఎంఏ రెండేళ్లు చేరి ఏడేళ్లు. కూలి డబ్బుతో చదివించే కుటుంబానికి ఆ రెండేళ్లు ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు. ఇగ్నోలో ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా ఎంఏ ఇంగ్లిష్ దూరవిద్యలో చేయొచ్చు, ఖర్చు కొంత తగ్గుతుంది. కానీ ఆ సంగతి చెప్పేవాళ్లు లేక ప్రకటనలు చూసి, పరీక్షలన్నీ ఒకేసారి రాయించే, గుర్తింపు లేని ‘వన్ సిట్టింగ్’ సర్టిఫికెట్లకు డబ్బు పోసేవాళ్లూ ఉన్నారు. వెరిఫికేషన్‌లో అవి నిలబడవు.

ఇంకో పొరపాటు దీనికంటే నష్టం చేస్తుంది. బైపీసీ చదివి, బయలాజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ చేసి, ఆ తర్వాత ఎంఏ ఇంగ్లిష్ చేసినవాళ్లు ఇంగ్లిష్ పోస్టుకు దరఖాస్తు చేస్తారు. ఎంఏ ఉంది, బీఈడీ ఉంది, కానీ బీఈడీ మెమోలో ఇంగ్లిష్ మెథడాలజీ లేదు. తిరస్కరిస్తారు. యూజీసీ 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిస్తోంది కాబట్టి బీఈడీ చేస్తూనే ఎంఏ చేస్తే సరిపోతుందని కొందరు నమ్ముతున్నారు. సరిపోదు. ఇంగ్లిష్ మెథడాలజీ సీటు తీసుకునే నాటికే ఎంఏ చేతిలో ఉండాలి. అంటే ముందు ఎంఏ, తర్వాత బీఈడీ. ఈ వరుస తారుమారైతే ఉన్న పట్టాలన్నీ కలిసినా ఆ పోస్టుకు పనికిరావు.

2. ఎడ్‌సెట్‌లో ఇంగ్లిష్ అభ్యర్థికి ఇంగ్లిష్ 20 మార్కులే.

2021లో మన రాష్ట్రం ఎడ్‌సెట్‌ను అందరికీ ఒకే ప్రశ్నపత్రంగా మార్చింది. మొత్తం 150 మార్కులు. గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం ఒక్కొక్కటి 20 చొప్పున 60. టీచింగ్ ఆప్టిట్యూడ్ 20, జనరల్ ఇంగ్లిష్ 20, జనరల్ నాలెడ్జ్, విద్యా సంబంధ అంశాలు 30, కంప్యూటర్ అవగాహన 20. మూడేళ్లు ఇంగ్లిష్ సాహిత్యం చదివిన విద్యార్థి బీఈడీ సీటు కోసం పదో తరగతి లెక్కలు, భౌతిక శాస్త్రం మళ్లీ తిరగేయాలి. ఆయన చదివిన కవిత్వం, నాటకం, భాషాశాస్త్రం, ఉచ్చారణ మీద ఒక్క ప్రశ్నా రాదు. ఆ 20 మార్కుల ఇంగ్లిష్ కూడా లెక్కల మెథడాలజీ అభ్యర్థి రాసే ఇంగ్లిషే.

2021కి ముందు ఎంచుకున్న సబ్జెక్టు మీద 100 మార్కుల భాగం ఉండేది, అందులో ఇంగ్లిష్ కూడా ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఎడ్‌సెట్ ఆ పద్ధతినే కొనసాగిస్తోంది. ఒకే పేపర్ పెడితే నిర్వహణ తేలిక, వేర్వేరు సబ్జెక్టుల వాళ్ల మార్కుల్ని పోల్చే తలనొప్పి ఉండదు. ఆ ఇబ్బంది నిజమేనని మేమూ ఒప్పుకుంటాం. కానీ ర్యాంకులు మెథడాలజీ వారీగా ఇస్తే ఆ పోలికే అక్కర్లేదు. ఇంగ్లిష్ అభ్యర్థి ఇంగ్లిష్ అభ్యర్థితోనే పోటీ పడతారు.

3. టెట్ దగ్గర అన్యాయం అంకెల్లోనే కనిపిస్తుంది.

టెట్ రెండో పేపర్ 150 మార్కులు. శిశు వికాసం, బోధనాశాస్త్రం 30, మొదటి భాష 30, ఇంగ్లిష్ 30. మిగిలిన 60 గణితం–సైన్సు లేదా సోషల్. ఇంగ్లిష్, తెలుగు, హిందీ టీచర్లు కాబోయేవాళ్లు ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. చాలామంది సోషల్ తీసుకుంటారు.

ఇంగ్లిష్‌కు ఉన్న 30లో 24 విషయానికి, 6 బోధనా పద్ధతులకు. సోషల్ 60లో 48 విషయానికి, 12 బోధనా పద్ధతులకు. అంటే ఇంగ్లిష్ టీచర్ కాబోయే మనిషి ఇంగ్లిష్ ఎలా చెప్పాలో ఆరు ప్రశ్నలకు, సోషల్ ఎలా చెప్పాలో పన్నెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ ఒక్క లెక్క చాలు, పేపర్ ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారైందో తెలుసుకోవడానికి.

అర్హతకు జనరల్ అభ్యర్థికి 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు కావాలి. టెట్ కేవలం అర్హత పరీక్షే అయితే ఎలాగో గట్టెక్కి ముందుకు పోవచ్చు. కానీ డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. 150 మార్కులు 20కి కుదిస్తారు, కాబట్టి టెట్‌లో ఒక్కో మార్కు డీఎస్సీలో 0.13 మార్కు. ఇద్దరు ఇంగ్లిష్ అభ్యర్థుల్ని తీసుకోండి. మిగతా మూడు భాగాల్లో ఇద్దరికీ సమానంగా వచ్చాయి. సోషల్‌లో ఒకరికి 50, ఒకరికి 30. ఆ 20 మార్కుల తేడా డీఎస్సీలో 2.67 మార్కులవుతుంది. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కే, కాబట్టి రెండో అభ్యర్థి ఇంగ్లిష్‌లో అయిదారు ప్రశ్నలు ఎక్కువ రాస్తే గానీ మొదటి అభ్యర్థితో సమానం కాలేరు. పాయింటు తేడాతో పోస్టులు పోయే చోట ఇది చాలా పెద్ద దూరం. ఇంగ్లిష్ పోస్టు ఎవరికి దక్కాలో సోషల్ మార్కులు తేలుస్తున్నాయి.

డిగ్రీలో సోషల్ సబ్జెక్టులు చదివి ఎంఏ ఇంగ్లిష్ చేసినవాళ్లకు ఇది కలిసొస్తుంది. పదో తరగతి తర్వాత సోషల్ ముట్టని బీకాం విద్యార్థి, ఇంగ్లిష్ లిటరేచర్‌తో పాటు సైకాలజీయో జర్నలిజమో చదివిన విద్యార్థి నష్టపోతారు. అభ్యర్థులు ఇంగ్లిష్ పుస్తకాలు పక్కన పెట్టి సోషల్ కోచింగ్‌లో కూర్చోవడానికి కారణం ఇదే. ఏడాదికి రెండుసార్లు టెట్ పెడుతున్నందుకు సంతోషమే, కానీ మార్కులు పెంచుకోవాలని ప్రతిసారీ మళ్లీ చదివేది ఆ సోషలే.

2011 ఫిబ్రవరి నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) మార్గదర్శకాల్లోనే ఇతర ఉపాధ్యాయులు గణితం–సైన్సు లేదా సోషల్ రాయాలని ఉందని మీరు చెప్పవచ్చు. ఉన్నమాట నిజమే. అయినా ఆంధ్రప్రదేశ్ టెట్ 2ఏ పేపర్‌లో భాషా ఉపాధ్యాయులకు ఆ 60 మార్కులూ భాషలోనే ఇస్తున్నారు, ఇంగ్లిష్ అభ్యర్థికి ఇంగ్లిష్‌లోనే. అక్కడ వీలైన పని ఇక్కడ ఎందుకు వీలు కాదో దయచేసి చెప్పండి.

4. ఇంగ్లిష్ టీచర్ కాబోయే మనిషి ఇంగ్లిష్ ఎలా మాట్లాడతారో ఎక్కడా ఎవరూ వినరు.

డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పరీక్ష 160 ప్రశ్నలు, 80 మార్కులు. అందులో విషయానికి 44, బోధనా పద్ధతులకు 16. డిగ్రీ ముగిశాక ఇంగ్లిష్ మీద అభ్యర్థిని గట్టిగా అడిగే ప్రవేశ, నియామక పరీక్ష ఇదొక్కటే. అదీ ఎప్పుడో గానీ రాదు: 2017లో వచ్చిన టీఆర్‌టీ (అప్పటి టీచర్ నియామక పరీక్ష) తర్వాత నియామకాలు మళ్లీ 2024 డీఎస్సీతోనే జరిగాయి.

ఎడ్‌సెట్, టెట్, డీఎస్సీ మూడూ ఆప్షన్ల మీద క్లిక్ చేసే పరీక్షలే. అభ్యర్థి ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడగలరా, బోర్డు మీద ఒక పేరా తప్పుల్లేకుండా రాయగలరా, పాఠం పైకి చదివితే పిల్లలకు అర్థమయ్యేలా ఉంటుందా అని ఎవరూ చూడరు. ఇంటర్ బోర్డు 2023–24 నుంచి విద్యార్థులకు ఇంగ్లిష్‌లో 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. మంచి నిర్ణయం. పదహారేళ్ల విద్యార్థి మాట్లాడి చూపించాలి, ఆ విద్యార్థిని హైస్కూల్లో తయారుచేసే టీచర్‌కు మాత్రం ఆ అవసరం లేదు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని బీఈడీ పాఠాల్లో నాలుగు నైపుణ్యాలు వల్లె వేయిస్తాం. నియామకంలో అందులో మూడింటిని వదిలేస్తున్నాం.

5. బీఈడీ రెండేళ్లలో ఇంగ్లిష్ ఎవరు చెబుతున్నారు?

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో బడి ఇంటర్న్‌షిప్ 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. వంద మంది విద్యార్థులకు 16 మంది అధ్యాపకులు ఉండాలి, వాళ్లలో 8 మంది గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం, భాషల బోధనకు. కాగితం మీద ఇది చక్కగా ఉంది.

చాలా కాలేజీల్లో ఇంగ్లిష్ మెథడాలజీ క్లాసు వేరే సబ్జెక్టు అధ్యాపకులు చూస్తున్నారు. ఇంటర్న్‌షిప్‌లో లెసన్ ప్లాన్ మీద సంతకం పెట్టేవారికి ఆ పాఠంలోని భాషా తప్పులు కనిపించవు. ట్రెయినీ తరగతిలో అంతా తెలుగులో అనువదించి చెప్పి, చివర్లో ప్రశ్నలు, జవాబులు రాయించినా అబ్జర్వేషన్ షీట్‌లో మంచి మార్కులే పడతాయి. రేపు ఉద్యోగంలోకి వెళ్లాక ఆ మనిషి చేసేది కూడా అదే. పిల్లలు గైడు చూసి జవాబులు బట్టీ పట్టి పదో తరగతి పాసవుతారు. ఇంటర్‌లో ఫిజిక్స్ పుస్తకం తెరిచినప్పుడు వాక్యం అర్థం కాక ఆగిపోతారు.

6. ఉన్న మంచి దారులు తెలియడం లేదు.

హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది, ఇంగ్లిష్‌లో బీఈడీ అక్కడే చేయొచ్చు. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి చేసే కోర్సు మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థలో ఉంది, అది మన రాష్ట్రానికీ సేవలందించే సంస్థే. ఐటెప్ అని పిలిచే ఇలాంటి నాలుగేళ్ల ఉమ్మడి కోర్సులకు ఎన్‌టీఏ నిర్వహించే ఎన్‌సెట్ ప్రవేశ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో వీటి పేరు విన్న విద్యార్థులు చాలా తక్కువ. ఎప్‌సెట్ గురించి చెప్పినంతలో పదో వంతు చెప్పినా చాలు.

ఇప్పుడు మా డిమాండ్లు. పెద్ద బడ్జెట్ అక్కర్లేనివి ముందు పెడుతున్నాం.

ఒకటి. వచ్చే దోస్త్ నోటిఫికేషన్ నుంచి ప్రతి కోర్సు కాంబినేషన్ పక్కన, దానితో బీఈడీలో ఏ మెథడాలజీకి, డీఎస్సీలో ఏ పోస్టుకు అర్హత వస్తుందో తెలుగులో, ఇంగ్లిష్‌లో చూపించాలి. జనరల్ ఇంగ్లిష్ ఆప్షనల్ కిందికి రాదని స్పష్టంగా రాయాలి. ఇదే పట్టిక ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు పరీక్షలకు ముందే అందాలి, ఐటెప్, మైసూరు, ఇఫ్లూ వివరాలతో సహా.

రెండు. ప్రతి జిల్లాలో కనీసం ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, ఒక మహిళా హాస్టల్ అందుబాటులో ఉన్నచోట, బీఏలో ఇంగ్లిష్ లిటరేచర్ ఆప్షనల్ ఉండాలి.

మూడు. టెట్ రెండో పేపర్‌లో భాషా ఉపాధ్యాయులకు 60 మార్కుల భాషా భాగం ఇవ్వాలి. ఇంగ్లిష్ అభ్యర్థికి 48 ఇంగ్లిష్ విషయం, 12 ఇంగ్లిష్ బోధన. ఇప్పటికే సోషల్ లేదా గణితం–సైన్సుతో టెట్ పాసైనవాళ్ల అర్హత అలాగే ఉండాలి, దానికి భంగం రాకూడదు. కొత్త పేపర్ వచ్చేదాకా స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టులకు టెట్ వెయిటేజీని శిశు వికాసం, రెండు భాషలు కలిపిన 90 మార్కుల మీదే లెక్కించాలి. ఈ డిమాండ్ దగ్గర మేం వెనక్కి తగ్గం.

నాలుగు. ఎడ్‌సెట్‌లో ఆ 60 మార్కుల ఉమ్మడి భాగాన్ని ఎంచుకున్న మెథడాలజీ సబ్జెక్టుతో మార్చి, ర్యాంకులు మెథడాలజీ వారీగా ఇవ్వాలి.

ఐదు. బీఈడీ ఇంగ్లిష్ మెథడాలజీలో బయటి పరీక్షకుడితో మౌఖిక పరీక్ష పెట్టాలి. డీఎస్సీ ఇంగ్లిష్ పోస్టులకు ఎంపిక జాబితా దగ్గర పది నిమిషాల పాఠం చెప్పించాలి. మౌఖిక పరీక్ష అనగానే సిఫారసుల భయం ఉంటుంది, ఆ భయంలో న్యాయం ఉంది. అందుకే దానికి మార్కులు వద్దు, అర్హత మాత్రమే చాలు. ఇద్దరు పరీక్షకులు ఉండాలి, మొత్తం వీడియో రికార్డు కావాలి, ఫెయిలైనవాళ్లు అడిగితే ఆ వీడియో చూపించి మరొకరితో మూల్యాంకనం చేయించాలి.

ఆరు. ప్రతి బీఈడీ కాలేజీ ఇంగ్లిష్ మెథడాలజీ ఎవరు చెబుతున్నారో, వారి పీజీ సబ్జెక్టు ఏమిటో కౌన్సెలింగ్ పోర్టల్‌లో ప్రకటించాలి. ఆ అధ్యాపకులు లేని కాలేజీకి ఇంగ్లిష్ సీట్లు ఇవ్వకూడదు. ఇంటర్న్‌షిప్ బడుల కేటాయింపులో ఇంగ్లిష్ ట్రెయినీలను అనుభవమున్న ఇంగ్లిష్ టీచర్ ఉన్న బడికే పంపాలి.

ఏడు. ఇతర మెథడాలజీతో బీఈడీ చేసి, ఎంఏ ఇంగ్లిష్ ఉన్నవాళ్ల కోసం ఎన్‌సీటీఈ అనుమతితో ఇంగ్లిష్ మెథడాలజీ అదనపు కోర్సు పెట్టాలి. ఊరికే సర్టిఫికెట్ ఇచ్చేలా కాకుండా బడిలో బోధన తప్పనిసరి చేయాలి. నిబంధన తెలియక నష్టపోయిన వేరే మెథడాలజీ వాళ్లకు అదొక్కటే తిరిగి వచ్చే దారి.

ఈ ఏడింటిలో మొదటి, మూడో, నాలుగో డిమాండ్లు నోటిఫికేషన్లలో మార్పుతో అయ్యేవి. వాటి మీద వచ్చే టెట్ నోటిఫికేషన్ వెలువడేలోపు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఒప్పుకోలేకపోతే ఏ నిబంధన అడ్డొస్తోందో ఆ నిబంధన సంఖ్యతో సహా చెప్పండి, దాన్ని మార్చాలని ఎన్‌సీటీఈకి మేం కూడా రాస్తాం. చర్చకు పిలిస్తే గత టెట్, ఎడ్‌సెట్ ప్రశ్నపత్రాలు, 60 మార్కుల ఇంగ్లిష్ భాగానికి మేం తయారు చేసిన నమూనా సిలబస్ తీసుకుని వస్తాం.

ఇట్లు,
ఇంగ్లిష్ మెథడాలజీ విద్యార్థులు, స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ అభ్యర్థులు, డిగ్రీ, బీఈడీ కాలేజీల ఇంగ్లిష్ అధ్యాపకులు